ఎఱిగి చేసిన హాని

తెలియక చేసిన కీడును, తెలిసి చేసిన కీడును లోకము ఒక త్రాసున తూచదు. చీకటిలో నడచువాడు చీమల పుట్టను త్రొక్కెనేని వాని నెవరును దూషింపరు. దీపము చేతబట్టుకొని, పుట్టను చూచి, దారి దగ్గఱయగునని దానిమీదనే నడచిన వానిని మాత్రము ఎవరును మెచ్చుకొనరు. చచ్చిన చీమలు రెండుచోట్లను అన్నియే. వానికి కలిగిన బాధయు ఒక్కటే. అయినను మన మనస్సు ఆ రెండు పనులను వేఱుగా చూచును. ఏలయన, మొదటివాని పనిలో కీడు అనుకొనకుండ వచ్చినది. రెండవవాని పనిలో అది ముందే లెక్కలో చేరియున్నది. న్యాయస్థానములును, ధర్మశాస్త్రములును, పల్లెలోని పెద్దల తీర్పులును ఈ భేదమును ఒప్పుకొనుచునే యున్నవి.

ఈ భేదమునుండి పుట్టు ప్రశ్న యొకటి కలదు. దానినే యిచ్చట విచారింపదలచితిని. పని యొక్కటే, చేయువాడొక్కడే. కాని నిన్న వానికి తెలియని ఫలితము నేడు తెలిసినది. అట్టియెడ నిన్నటి పని నేడును అదే పనియగునా? జ్ఞానము పెరిగినకొలది బాధ్యతయు పెరుగునని మనమందఱము నోటితో చెప్పుదుము. ఆ మాటను ఒక నిజమైన విషయమున పెట్టి పరీక్షించిననే గాని దాని బరువు మనకు తెలియదు. పశువుల ప్రతిరూప జననము, అనగా క్లోనింగని లోకమున వాడుకలోనున్న పని, అట్టి పరీక్షకు మిక్కిలి తగినదని నాకు తోచుచున్నది.

ముందుగా ఈ పనికి మూలమైన కోరికను సానుభూతితో చూడవలెను. పాడిగల యింటి యిల్లాలికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. నాలుగు గేదెలలో ఒక్కటి రెండుపూటల కడవ నింపును. దానికి పుట్టిన పెయ్య పెద్దదై యీనిన పిమ్మట తల్లి యిచ్చినదానిలో సగమైన నియ్యదు. సంతానమున తల్లి గుణములును తండ్రి గుణములును కలిసి, ఏది యెవరికి వచ్చునో ముందుగా చెప్ప వీలులేని పంపకము జరుగుచుండును. మంచి పశువు దొరకుట అరుదు. దొరకినది నిలుచుట కొన్నియేండ్లే. మన ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరుమీదుగా నెలోరె జాతియని ప్రసిద్ధికెక్కినవి. ఆ జాతికి చెందిన వియాటినా-19 అను ఆవునకు 2023లో నలుబది లక్షల డాలర్లకు మించిన వెల కట్టబడి, లోకములో నన్నిటికంటె ఖరీదైన ఆవుగా అది గిన్నెస్ గ్రంథమున కెక్కెను. ఒక్క పశువున కింత వెల గట్టు లోకమున, పంపకముతో పనిలేకుండ ఆ పశువునే మరల పుట్టింపగలిగిన బాగుండునను కోరిక పుట్టుటలో వింతలేదు. కోరిక తప్పుకాదు. దానికి వెల యెంత, ఆ వెలను చెల్లించువారెవరు అనునదే ప్రశ్న.

స్కాట్లండులో ఎడింబరో పట్టణమునకు సమీపమున నున్న రోజ్లిన్ పరిశోధనాలయమున 1996వ సంవత్సరము జూలై 5వ తేదీన డాలీ యను గొఱ్ఱెపిల్ల పుట్టెను. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును ఆఱేండ్ల వయసుగల గొఱ్ఱె పొదుగునుండి కణమును తీసిరి. మఱియొక గొఱ్ఱె అండమునుండి కేంద్రకమును తొలగించి, ఆ ఖాళీ అండముతో ఈ పొదుగు కణమును విద్యుత్తుచేత కలిపిరి. ఇట్లు కూర్చిన అండములు 277. వానిలో గర్భమున నుంచుటకు తగిన పిండములైనవి 29. వానిని 13 గొఱ్ఱెల గర్భములందుంచిరి. ప్రాణముతో పుట్టినది ఒక్కటి. నల్లమొగము గల తల్లికి తెల్లమొగముతో పుట్టిన ఆ పిల్లను చూచి, 1997లో వార్త వెలువడినప్పుడు లోకమంతయు ఆశ్చర్యపడెను. లోకము చూచినది ఆ ఒక్కదానినే. తక్కిన 276 సంగతి పత్రికల మొదటి పుటలలో అంతగా కనబడలేదు.

మఱు సంవత్సరము, అనగా 1998లో, జపాను శాస్త్రజ్ఞులు ఒకే యావు కణములనుండి పది పిండములను సిద్ధపఱచి గర్భములందుంచగా ఎనిమిది దూడలు పుట్టినవి. ఇది గొప్ప విజయమే. కాని ఆ యెనిమిదింటిలో నాలుగు పుట్టినప్పుడో, పుట్టిన కొలదికాలమునకో మరణించినవి. అటు పిమ్మట అనేక దేశములలో ఆవులు, మేకలు, పందులు, గేదెలు ఈ రీతిని పుట్టినవి. గర్భమున నుంచిన పిండములలో తుదకు ప్రాణముతో బయటికి వచ్చునవి తఱచుగా నూటికి పది కూడ ఉండవు. దీనికి కారణమేమి? చేయువారి చేతివాటమున లోపమా? కొంతవఱకు అదియు నుండవచ్చును. కాని ముఖ్యకారణము మఱియొకటి. దానిని తెలిసికొననిదే ఇందలి ధర్మాధర్మములను నిర్ణయింపజాలము.

శరీరములోని కణములన్నిటియందును, కొన్ని వింతలను మినహాయించినచో, ఉన్న జన్యులిపి యొక్కటే. పొదుగు కణములో గిట్టను చేయు విద్యయు వ్రాయబడియే యున్నది. గిట్ట కణములో పాలను చేయు విద్యయు వ్రాయబడియే యున్నది. అయినను గిట్ట పాల నియ్యదు. ఏలయన, ఏ కణము తన పనికి కావలసిన భాగమును మాత్రము చదివి, తక్కినదానిని మూసియుంచును. ఒక పెద్ద వంశమునకు పూర్వులిచ్చిన తాళపత్ర గ్రంథమొకటి కలదనుకొందము. అందు వైద్యము, వంట, శిల్పము, కృషి అన్నియు నున్నవి. దాయాదులందఱును తలకొక ప్రతిని తీసికొనిరి. వైద్యుడైనవాడు వైద్యపుటాకులను విప్పియుంచి తక్కినవానిని దారముతో బిగించి కట్టివేసెను. శిల్పి శిల్పపుటాకులను విప్పి తక్కినవానిని కట్టెను. గ్రంథమున ఒక్క యక్షరము మాఱలేదు. మాఱినది కట్లు మాత్రమే. కణములందు ఈ కట్ల పనిని చేయునవి కొన్ని రసాయన ముద్రలు. జన్యులిపిలోని కొన్ని యక్షరములపై మిథైలు అను చిన్న అణుసమూహము అతుకుకొని ఆ భాగమును మూయును. ఆ లిపిదారము చుట్టుకొనియుండు హిస్టోనులను కండెలమీదను ఇట్టి గుర్తులే యుండి, చుట్టను బిగించుటయో వదలుచేయుటయో జరుగుచుండును. లిపిని మార్పకయే దాని చదువును మార్చు ఈ యేర్పాటును గూర్చిన శాస్త్రమునకు ఎపిజెనెటిక్సు అని పేరు. ఆ పేరును 1942లో వాడుకలోనికి తెచ్చినవాడు వాడింగ్‌టన్ అను శాస్త్రజ్ఞుడు.

ఇక అండము చేయవలసిన పనిని గమనింపుడు. సహజమైన గర్భధారణలో అండమునొద్దకు వచ్చునది పురుషబీజము. అది ప్రయాణమునకు తగినట్లుగా ప్రత్యేకమైన మాంసకృత్తులతో మూటగట్టబడి వచ్చును. ఆ మూటను విప్పుట అండమునకు పుట్టుకతో వచ్చిన విద్య. విప్పి, పాత ముద్రలలో చాలవానిని తొలగించి, క్రొత్త ప్రాణి యొక్క చదువు మొదటి పుటనుండి ఆరంభమగునట్లు చేయును. ప్రతిరూప జననమునందో, అండమునకు మనము అందించునది పొదుగుననో చర్మముననో ఏండ్ల తరబడి పనిచేసిన కణముయొక్క కేంద్రకము. దాని కట్లు వేఱు, ముడులు వేఱు. ఆవు పిండము ఎనిమిది మొదలు పదునాఱు కణములుగా చీలునప్పటికే తన సొంత లిపిని చదువుకొనుటకు పూనుకొనవలెను. అంతకు ముందున్న కొలదిదినములలోనే ఆ ముడులన్నియు విడిపోవలెను. కొన్ని విడును, కొన్ని విడవు. విడువరాని కొన్ని ముడులును ఒక్కొక్కప్పుడు విడిపోవును. తల్లినుండి వచ్చిన ప్రతిలో మాత్రమే, లేదా తండ్రినుండి వచ్చిన ప్రతిలో మాత్రమే చదువబడవలసిన జన్యువులు కొన్ని కలవు. ముఖ్యముగా శిశువు పెరుగుదలను ఒకటి హెచ్చించుచు, ఒకటి తగ్గించుచు తూకము నిలుపునవి ఈ తెగకు చెందినవే. వాని గుర్తులను తుడిచివేసిన తూకము తప్పిపోవును. 2001వ సంవత్సరము మొదలుకొని వెలువడిన పరిశోధనలు ప్రతిరూప పిండములలో మిథైలు ముద్రలు తొలగవలసినంతగా తొలగకుండుటను మరల మరల చూపినవి.

తూకము తప్పిన ఫలితము మొట్టమొదట కనబడునది మావియందు. మావి గర్భాశయముతో అతుకుకొను గుబ్బలు సంఖ్యలో తగ్గి, ఉన్నవి మితిమీరి పెరుగును. మావి సంచిలో నీరు చేరి తల్లి కడుపు ఉబ్బిపోవును. గర్భమునందలి దూడ తగిన పరిమాణమును మించి పెరిగి, సహజముగా బయటికి రాజాలక, శస్త్రచికిత్సతో తీయవలసివచ్చును. పుట్టిన దూడకు ఊపిరి యాడకపోవుట, గుండె చాలకపోవుట, బొడ్డు వాచుట మొదలగునవి సంభవించును. పిల్లతోపాటు మోసిన తల్లియు ప్రాణము గోల్పోవుట కలదు. ఇవి యెల్లయెడల జరుగునని నేను చెప్పుటలేదు. తఱచుగా జరుగును, ఎందుకు జరుగునో తెలియును, ఏ పిండమున జరుగునో గర్భమున నుంచుటకు ముందు నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. ఈ మూడు మాటలను చదువరులు గుర్తుంచుకొందురుగాక. నా వాదమంతయు వీనిమీదనే యాధారపడియున్నది.

ఇచ్చట సంస్కృతము చదివినవారికి రెండు సంగతులు స్మరణకు వచ్చును. బీజము గొప్పదా క్షేత్రము గొప్పదా యను చర్చ మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున కలదు. మొత్తముమీద అచ్చట బీజమునకే పెద్దపీట వేయబడినది. వంశమును గూర్చియు పుట్టుకను గూర్చియు మన సంఘమున ప్రబలిన గర్వములో కొంత ఆ పెద్దపీటనుండి వచ్చినదే. ప్రతిరూప జననము ఆ తీర్పును తలక్రిందులు చేయుచున్నది. బీజమున అక్షరమక్షరము సరిగా నున్నను, క్షేత్రమైన అండము దానిని సరిగా చదివింపకున్నచో ప్రాణి నిలువదు. రెండవది సంస్కారమను పదము. చేసిన పని తన వెనుక విడిచిపోవు ముద్రకు మన దార్శనికులు ఆ పేరు పెట్టిరి. కణమునకును తాను చేసిన పని ముద్ర యుండునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఈ పోలికను జూచి, మన పూర్వులకు ఈ శాస్త్రమంతయు తెలిసియే యుండెనని చంకలు గొట్టుకొనువారు బయలుదేరుదురు. వారికి తెలియదు. తెలిసియుండవలసిన యవసరమును లేదు. ఒక మంచి పదము మనకు సిద్ధముగా నున్నది. ఆ పదమును కృతజ్ఞతతో వాడుకొందము. అంతకుమించి గొప్పలు చెప్పుకొనుట విద్యకు శోభ కాదు.

న్యాయము కొఱకు ఎదుటి పక్షమును గూడ చెప్పవలెను. ఆపద దాటి బ్రదికిన ప్రతిరూపములు పలుమాఱు ఆరోగ్యముగనే యుండును. డాలీ 2003లో ఊపిరితిత్తులలో కంతి పుట్టగా, ఆఱేండ్లు దాటిన వయసున, బాధ పడకుండ చంపబడినది. ఆ వ్యాధి ఒక సూక్ష్మక్రిమివలన గొఱ్ఱెలకు వచ్చునదే గాని ప్రతిరూపమైనందున వచ్చినది కాదు. నాటింగ్‌హాం విశ్వవిద్యాలయము వారు 2016లో పదమూడు ప్రతిరూప గొఱ్ఱెలను పరీక్షించిరి. వానిలో నాలుగు డాలీ పుట్టిన కణముల సంతతికే చెందినవి. ముదిమి వచ్చినను అవి సామాన్యమైన గొఱ్ఱెలవలెనే యున్నవని తేలినది. అంతేకాదు, ప్రతిరూప పశువులకు సహజముగా పుట్టిన పిల్లలయందు ఆ లోపములు కనబడవు. ఏలయన, బీజకణములు తయారగునప్పుడు ప్రకృతి పాత ముద్రలను నెమ్మదిగా తుడిచి క్రొత్తవానిని వ్రాయును. మనము కొలదిదినములలో చేయింపజూచిన పనిని ప్రకృతి తీరికగా, పూర్ణముగా చేయుచున్నది.

మన దేశమునను ఈ ప్రయత్నము జరిగినది. హర్యానాలోని కర్నాలు జాతీయ పాడి పరిశోధనాలయమున 2009 ఫిబ్రవరి 6వ తేదీన ప్రతిరూపమైన గేదెదూడ పుట్టెను. దానికి సమరూప యని పేరిడిరి. అది కొలదిదినములకే చనిపోయెను. అదే సంవత్సరము జూన్ 6వ తేదీన గరిమ పుట్టి రెండేండ్లు దాటి బ్రదికెను. 2010లో పుట్టిన రెండవ గరిమ పెరిగి పెద్దదై, 2013 జనవరి 25వ తేదీన మహిమ యను పెయ్యను సహజముగా కనెను. 2023 మార్చిలో గిర్ జాతి ఆవునకు ప్రతిరూపమైన గంగ పుట్టినది. ఈ పేర్లు ఎంత చక్కనివి! మన శాస్త్రజ్ఞుల నైపుణ్యమునకు ఇవి గుర్తులే. కాని ఒక మాట. దూడలకు పేర్లున్నవి. వానిని మోసిన తల్లులకు వార్తలలో పేరులేదు. నిలువని గర్భములను మోసిన పశువుల ప్రసక్తియే యుండదు. ఇది ఒక్క కర్నాలునకు చెందిన దోషము కాదు; లోకమంతట విజయమును చెప్పుకొను పద్ధతియే యిట్టిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 1996లో రోజ్లిన్ శాస్త్రజ్ఞులు చేసిన పనిని నేను నిందింపను. పొదుగు కణమునుండి ప్రాణి పుట్టునో పుట్టదో అప్పుడెవరికిని తెలియదు. తెలిసికొనుటకే వారు పూనుకొనిరి. పోయిన పిండములు ఎందుకు పోయినవో చెప్పగల శాస్త్రము అప్పటికి పక్వమునకు రాలేదు. నేటి సంగతి అది కాదు. ఇంచుమించు ముప్పది సంవత్సరముల అనుభవమున పిండములు ఏల చచ్చునో, తల్లులు ఏల బాధపడునో మనకు విశదమైనది. అట్లు విశదమైన పిమ్మట ఒక వ్యాపారి పోటీలలో గెలిచిన తన కోడెకు ప్రతిరూపము కావలెనని కోరినప్పుడు, ఆ కోరికలో ఒక్క దూడ మాత్రమే లేదు. పుట్టి చచ్చు దూడలును, కడుపు కోయించుకొను ఆవులును ఆ కోరికలోనే యిమిడియున్నవి. వానిని ప్రమాదములని పిలుచుట భాషకు చేయు అపచారము. ముందుగా లెక్క వేసి, ధరలో కలిపి, సిద్ధపడి చేసినదానిని ప్రమాదమనరాదు. అది పనిలో భాగము.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ప్రకృతియు పిండములను వ్యర్థము చేయుటలేదా యని కొందఱు ప్రశ్నింతురు. చేయుచున్నది. సహజముగా కట్టిన చూలులోను అనేకములు నిలువవు. కాని అవి యెక్కువగా మొదటి కొలదివారములలోనే, తల్లికి తెలియకుండ, బాధ యను మాటకే తావులేని దశలో పోవును. ప్రతిరూప గర్భములు అట్లుగాక నడిమి నెలలలోను, కడపటి నెలలలోను, ఈనునప్పుడును, ఈనిన పిమ్మటను నశించుచుండును. ఒక గింజ మొలవకపోవుటయు, ఎదిగిన పైరు కంకి వేళకు కూలుటయు ఒక్కటని రైతెవడును చెప్పడు. మఱియు ప్రకృతి చేయుచున్నదని మనమును చేయవచ్చుననుట వాదమే కాదు. వరద ఇండ్లను కూల్చునని మనము పొరుగువాని యింటిని కూల్చుదుమా?

పశువులను చంపి తినుచున్నాము, బండ్లకు కట్టి కొట్టుచున్నాము, దూడను కట్టివేసి పాలు పిదుకుచున్నాము. ఇన్ని చేయుచు ఈ యొక్కదానికి కంటనీరు పెట్టుకొననేల యని మఱికొందఱు అడుగుదురు. ఈ యాక్షేపణలో సత్యమున్నది, దానిని దాచుకొనరాదు. మన పాడిశాలలలో జరుగు క్రూరత్వము ప్రతిరూప జననముకంటె లెక్కకు పెక్కురెట్లు హెచ్చు. కాని ఒక తప్పు పెద్దదగుటచేత మఱియొకటి ఒప్పు కాదు. పాత దురాచారములను తొలగించుట కష్టమని యెఱిగినవారము. క్రొత్తదానిని ఆచారమై పాతుకొనకముందే పరీక్షించుట సులభమనియు మనమే యెఱుగుదుము. బాల్యవివాహమును మాన్పుటకు ఎన్ని తరములు పట్టినదో మఱచినవారము కాము.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె బలమైనది. మేలైన గేదెలు హెచ్చిన పేదరైతు బాగుపడును, పసిబిడ్డలకు పాలు దొరకును. కొన్ని పశువుల బాధకు జంకి మనుష్యుల మేలును వదలుకొందుమా? ఈ మాట నిజమైనచో నా వాదము చాలవఱకు వీగిపోవును. కాని నిజమా? మేలైన ఆబోతు గుణములను ఊరూర వ్యాపింపజేయుటకు కృత్రిమ గర్భోత్పత్తి యను సాధనము ఎన్నియో యేండ్లుగా పల్లెలకు అందుబాటులోనున్నది. దానికి ఏ తల్లి కడుపును కోయనక్కఱలేదు. పైగా పాలు పుట్టునది జన్యులిపినుండి మాత్రమే కాదు. పచ్చిమేత, మంచినీరు, నీడ, వేళకు వైద్యము, ప్రేమతో సాకు చేయి, ఇవి లేనిచో లోకమునకెల్ల మేటియైన గేదెకు ప్రతిరూపమును తెచ్చి కట్టివేసినను కడవ నిండదు. నేర్పిన సంస్కారమే లిపికి విలువ నిచ్చునని ఈ శాస్త్రమే చెప్పుచున్నప్పుడు, మేతకు చెల్లింపవలసిన డబ్బును లిపికి చెల్లించుట వివేకమా? పేదరైతు పేరు చెప్పుకొని జరుగు పనులలో పేదరైతునకు చేరునది యెంతయో అడిగి తెలిసికొనుట సంస్కరణ కోరువారి ధర్మము.

కడపటిది ఆశావాదుల మాట. లోపము తెలిసినది గనుక దానిని దిద్దుటయు తెలియును, కొంతకాలమోర్చుకొనుడని వారందురు. దిద్దుబాటు ఆరంభమైన మాట సత్యము. హిస్టోనుల మీదనుండు ఒకవిధమైన ముద్ర అడ్డుపడుచున్నదని 2014లో ఎలుకలయందు కనిపెట్టి, దానిని తుడుచు పదార్థమును అండమున చేర్చగా ఫలితము మెఱుగుపడెను. ఆ యుపాయముతోనే షాంఘై శాస్త్రజ్ఞులు రెండు కోతిపిల్లలను పుట్టించి 2018లో ప్రకటించిరి. కాని అచ్చటను గర్భపిండ దశలోని కోతి కణములనుండి చేసిన పిండములు 79, వానిని మోసిన కోతులు 21, బ్రదికిన పిల్లలు 2. పెద్దకోతి కణములనుండి పుట్టిన రెండు పిల్లలు నిలువనే లేదు. ముడి విప్పు ఉపాయము ఒకటి దొరకినది, ముడులన్నియు విడలేదు. దిద్దుబాటు పూర్తియైన దినమున నా యాక్షేపణ తనంతట తానే తొలగును. అంతవఱకు పరిశోధకుడు కొద్దిపాటిగా, జాగ్రత్తగా, పిండము గర్భమును చేరకముందే చేయదగినదంతయు అక్కడనే చేసి పరీక్షించుచు ముందుకు పోవుట వేఱు. దిద్దుబాటు కాని పనిని అంగడిలో పెట్టి అమ్ముట వేఱు. మొదటిది తెలిసికొనుటకు పడు ప్రయాస. రెండవది తెలిసినదానిని మఱచినట్లు నటించుట.

ఈ భేదమును దేశములు గుర్తించిన తీరు గమనింపదగినది. అమెరికా ఆహారౌషధ శాఖ 2008 జనవరిలో ప్రతిరూపమైన ఆవు, పంది, మేకల మాంసమును పాలును తినువారికి హాని చేయవని తేల్చెను. అడిగిన ప్రశ్నకు అది సరియైన యుత్తరమే. అదే నెలలో ఐరోపా ధర్మవిచారణ సంఘము మఱియొక ప్రశ్నను వేసికొనెను: ఇది మనకు మంచిదా యని కాదు, ఇది మంచిదా యని. మోయు తల్లులును పుట్టిన దూడలును పడు బాధను చూచినచో, ఆహారము కొఱకు ఈ పని సమర్థనీయమా యని ఆ సంఘము సందేహమును వెలిబుచ్చెను. 2015లో ఐరోపా శాసనసభ వ్యవసాయపు పశువుల ప్రతిరూప జననమును నిషేధింపవలెనని మొగ్గుచూపెను. పాలు తెల్లగా నున్నవా, కల్తీ లేదా యని చూచుట గృహిణి విధి. ఆ పాలు ఎట్లు వచ్చినవని అడుగుట మనుష్యుని విధి. మొదటి ప్రశ్న మన ఆరోగ్యమును కాపాడును. రెండవది మన మనస్సును కాపాడును.

అట్లయిన ఏమి చేయవలెను? శాస్త్రమును నిషేధింపుడని నేను కోరను. అజ్ఞానము అహింసకు తోడు కాదు. కణము తన పూర్వపు పనిని ఎట్లు మఱచునో తెలిసికొనుటవలన మనుష్యుల వ్యాధులకును మేలు కలుగవచ్చును. నేను కోరునవి రెండు. మొదటిది, లెక్క పూర్తిగా చెప్పవలెను. ఒక దూడ పుట్టినదని ప్రకటించినప్పుడు, ఎన్ని పిండములు, ఎన్ని గర్భములు, ఎన్ని శస్త్రచికిత్సలు, ఎన్ని మరణములు అను వివరమును ఆ ప్రకటనలోనే చేర్చవలెను. విజయమును మాత్రమే చెప్పుట అబద్ధము కాకపోవచ్చును. సత్యము మాత్రము కాదు. రెండవది, ప్రయోజనమును పట్టి తీర్పు చెప్పవలెను. క్రొత్త సంగతిని తెలిసికొనుటకును, అంతరించుచున్న జాతిని నిలుపుటకును పడు పాటును, పోటీలో గెలిచిన పశువును మరల పొందవలెనను ముచ్చటను ఒక్క గాటకట్టరాదు. ముచ్చట తీర్చుకొనుటకు మన సొమ్మును వెచ్చింపవచ్చును. నోరులేని తల్లి ప్రాణమును వెచ్చింపరాదు.

ఈ విచారము పశువులతోనే ముగియదు. కొడుకు అచ్చముగా తనవలెనే యుండవలెనని కోరు తండ్రులు, కూతురు తనవలెనే నడువవలెనని పట్టుపట్టు తల్లులు మన యిండ్లలో నెందఱు లేరు! పుట్టుకయే గుణమని నమ్మి కులమును పట్టుకొని వ్రేలాడువారెందఱు లేరు! ఒక్క యక్షరము తేడాలేని లిపినుండియే ఒకటి బ్రదికి ఒకటి చచ్చుచుండగా, ఒకటి పుష్టిగా ఒకటి నీరసముగా పుట్టుచుండగా, పుట్టుకనుబట్టి విలువ కట్టుటకు ఇక ఆధారమేమి మిగిలియున్నది? ప్రతిరూపము కావలెనను కోరిక ప్రేమ వేషమున వచ్చును. లోపల మాత్రము అది ఎదుటి ప్రాణి తనకుతానుగా నుండుటను ఓర్వలేనితనము. ప్రేమించువాడు క్రొత్తదూడను క్రొత్తదూడగనే సాకును.

తెలిసినది తెలియనిదిగా చేసికొనుట ఎవరితరమును కాదు. ప్రతిరూప పిండము ఏల కూలునో మనకు నేర్పినవి ఆ కూలిన పిండములే, వానిని మోసిన ఆవులే, గొఱ్ఱెలే. ఆ పాఠము ఖరీదైనది. దానికి వెల అవి చెల్లించినవి. నేర్చిన పిమ్మట నేర్చినట్లు నడచుకొనుట మన వంతు.